చెరిగిపోయిన నాలుగు నిమిషాలు

బొంబాయి,
11 ఫిబ్రవరి 1982

అక్కకు,

నమస్కారాలు. నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. జవాబు రాయలేదని కోపంగా ఉండి ఉంటావు. కూచుని రాసే ఓపిక ఉండడం లేదక్కా. ఈ ఊళ్ళో ఎవరూ ఒకచోట కూచోరు. లోకల్ రైల్లో నిలబడి టీ తాగుతూ మనసులో నీకు సగం ఉత్తరం రాస్తాను, దిగేసరికి మరిచిపోతాను.

మార్చి ఆరున మా కచేరీ. బాంద్రాలో ఒక బడి ఆవరణలో, ఆరుబయట, సాయంత్రం. మేం అయిదుగురం. మా పెద్ద రోజారియో మాస్టారు, గోవా ఆయన, అరవై రెండేళ్ళు. శాక్సఫోను వాయిస్తారు. ముప్ఫై ఏళ్ళు హోటళ్ళలో జాజ్ వాయించి విసుగెత్తి, ఇప్పుడు ఈ దేశంలో ఎవరూ చెయ్యనిది చేద్దామంటున్నారు.

జాజ్ అంటే నీ భాషలో మనోధర్మం. పల్లవి ఒకసారి చెప్పి, ఆ పైన ఎవరి కల్పన వాళ్ళు చేసుకుంటూ పోయి మళ్ళీ ఎత్తుగడకి రావడం. ఫంక్ అంటే ఆ కల్పన కింద నేల. డ్రమ్సూ బేస్ గిటారూ కలిసి మొదటి దెబ్బ మీద ఒంటి బరువంతా మోపి, మిగతా దెబ్బల్ని ఊరిస్తూ నడుస్తాయి. వీటి మీద సింథసైజర్ అని కరెంటు పెట్టె ఒకటి. ఒక మీట నొక్కితే తుమ్మెద రొద, ఇంకో మీట నొక్కితే గోదావరి వంతెన మీద రైలు. ఈ మూడూ కలిపి మాస్టారు వండుతున్నారు.

బేస్ గిటారుతో ఆ నేల వేసేది నేను. కచేరీ అంతా టేపు మీదికి ఎక్కుతుంది. షుగర్ ఫ్యాక్టరీ టైమాఫీసులో హాజరుపట్టీలు రాసుకునేవాడు ఏం చేస్తున్నాడో నీ చెవులతో నువ్వే వింటావు. ఆ ఉద్యోగం మానేస్తానంటే ఇంట్లో నా పక్షం మాట్లాడింది నువ్వొక్కదానివే.

నీ తమ్ముడు,
యాజులు


నర్సీపట్నం,
24 ఫిబ్రవరి 1982

చి. యాజులుకి,

ఆశీస్సులు. నీ ఉత్తరం అమ్మకి రెండుసార్లు చదివి వినిపించాను. తుమ్మెదలూ రైళ్ళూ అయ్యాక, “వాడు వాయించేదేటో నాకు తెలీదు గానీ, వేళకి తింటున్నాడో లేదో రాశాడా, లేదా? అది చెప్పు” అంది. రాయలేదని చెప్పాను.

మీ బావగారికి రెవెన్యూ ఆఫీసులో జమాబందీ లెక్కల పనులు. వారంలో నాలుగు రోజులు కృష్ణదేవిపేట వైపు కేంపులే. పిల్లలు బడికి పోతారు. అమ్మ పన్నెండు కొట్టగానే నడుం వాలుస్తుంది. అప్పుడు నాకు కాలు నిలవదురా. కొనాల్సింది ఏమీ లేకపోయినా సంచీ పట్టుకుని బస్టాండు దాకా వెళ్తాను. యలమంచిలి బస్సు ఎక్కేవాళ్ళని చూసి వెనక్కి వచ్చేస్తాను. పక్కింటి రామాయమ్మగారు నిన్న అడిగారు కూడా, “రోజూ బస్టాండుకి ఎవరొస్తారమ్మా?” అని.

నా వయొలిన్ పెట్టె బీరువా మీద ఉంది. పెళ్ళయ్యాక పన్నెండేళ్ళు. వద్దని ఎవరూ అనలేదు. వాయించమని కూడా ఎవరూ అనలేదు, అంతే. నువ్వు ‘మనోధర్మం’ అని రాసిన చోట కాసేపు ఆ పెట్టెకేసి చూస్తూ ఉండిపోయాను.

టేపు తప్పకుండా పంపు. వేళకి తిను.

అక్క,
అలివేలుమంగ


బొంబాయి,
15 మార్చి 1982

అక్కా,

కచేరీ అయింది. జనం లేచి నిలబడ్డారు. రిజిస్టరు పార్సెల్లో కాసెట్ పంపుతున్నాను. రెండో వైపు చివరి పాటలో మాస్టారు ఒంటరిగా వాయిస్తారు, అది శ్రద్ధగా విను. ఎవరికీ ఇవ్వకు. ఈ కాసెట్ సంగతి బొంబాయి నుంచి ఎవరైనా రాస్తే (రాయరనుకో) నీకు తెలియదని చెప్పు. ఎందుకని అడగకు.

కింద నడిచే బేస్ నాదే.

యాజులు


నర్సీపట్నం,
2 ఏప్రిల్ 1982

చి. యాజులుకి,

కాసెట్ భద్రంగా అందింది. మనింట్లో టేప్ రికార్డర్ లేదు కదా. బస్టాండు దగ్గర సింగన్న మైక్ సెట్ కొట్టు నీకు గుర్తుండే ఉంటుంది. పెళ్ళిళ్ళకీ మీటింగులకీ మైకులు అద్దెకిస్తాడు. మధ్యాహ్నం కొట్టు ఖాళీగా ఉంటుందని అమ్మని కూడా తీసుకుని వెళ్ళాను. ఎవరికీ ఇవ్వద్దన్నావు. ఇవ్వలేదు, వాడి మిషను మీద విన్నాను.

మొదటి రెండు నిమిషాలు సింగన్న మిషను మూత మీద కొడుతూనే ఉన్నాడు. “ఇదేటమ్మా, బెల్టు సాగిపోనాదా, పాటే ఇంతా?” అన్నాడు. పాటేనన్నాను. ఇంకాసేపటికి చేతిలో ఉన్న వైరు కింద పెట్టేశాడు. “ఆ కింద గుడుగుడుమంటందే, అది బాగుందమ్మా. గుండికాయ మీద కొడతంది” అన్నాడు.

నేను ఏమని రాయను? మొదట చిరాకు వేసింది. శ్రుతి పెట్టెలోకి కందిరీగ దూరినట్టుగా ఆ కరెంటు వాద్యం. పారిపోదామనిపించింది. తరవాత ఆ శాక్సఫోను వచ్చింది. ఆయన ఒక స్వరం దగ్గర నిలబడతారు. అది సాధారణ గాంధారమూ కాదు, అంతర గాంధారమూ కాదు. రెంటి మధ్య ఎక్కడో ఉంది. మా గురువుగారైతే అపస్వరం అనేవారు. నాకు మాత్రం పన్నెండేళ్ళుగా నేను ఉన్నది అక్కడే అనిపించింది. ఇంటికి వచ్చి స్టూలు వేసుకుని పెట్టె దించాను. తీగలు తెగి ఉన్నాయి. మీ బావగారు అనకాపల్లి మీటింగుకి వెళ్తూంటే కొత్త తీగలు తెమ్మని చెప్పాను. ఎందుకని అడగలేదు, తెచ్చారు.

అమ్మ రెండో వైపు మధ్యలో ఒక్కసారి “అదిగో, మా యాజులు” అంది. సింగన్న తలూపాడు. నేనూ ఊపాను.

ఇప్పుడొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. చిన్నప్పుడు నా పక్కన కూచుని తాళం వేసేవాడివి. ప్రతిసారీ సమం మీదికి నాకన్న రవ్వంత ముందు దూకేవాడివి. ఎన్ని మొట్టికాయలు పడ్డా మారలేదు. ఈ టేపులో బేస్ వాయించిన మనిషి దూకడు. వెనక్కి ఆనుకుని కూచుంటాడు, దెబ్బ తన దగ్గరికి వచ్చేదాకా చూస్తాడు.

అది నువ్వేనా?

అక్క


బొంబాయి,
14 ఏప్రిల్ 1982

అక్కా,

పన్నెండేళ్ళు వయొలిన్ ముట్టనిదానివి, ఫంక్ గురించి నాకు పాఠం చెబుతున్నావా? మనిషి మారడా? నేర్చుకోడా? కచేరీ ఎలా ఉందని అడుగుతావనుకున్నాను, దొంగని పట్టుకున్నట్టు రాశావు. ఆ మైక్ సెట్ కొట్లో పది మంది మధ్య నా టేపు వినమని నేను చెప్పానా?

నాకు ఇక్కడ సవాలక్ష పనులున్నాయి. గది మారుతున్నాను. కొత్త చిరునామా తరవాత రాస్తాను.

యాజులు


నర్సీపట్నం,
3 మే 1982

చి. యాజులుకి,

కొత్త చిరునామా రాలేదు కాబట్టి పాతదానికే రాస్తున్నాను. ఎవరైనా అందిస్తారు.

నేను ఇంకేమీ అడగదలుచుకోలేదు. కానీ నిన్న జరిగింది నీకు చెప్పకుండా ఉండలేను. నీ నుంచి ఉత్తరం లేదని అమ్మ బెంగ పెట్టుకుంటే, మళ్ళీ కొట్టుకి తీసుకెళ్ళి టేపు పెట్టించాను. మళ్ళీ అదే చోట “అదిగో, మా యాజులు” అంది. ఈసారి నేను ఊరుకోలేదు. “ఏదమ్మా? ఆ గుడుగుడా?” అన్నాను.

“గుడుగుడేటే! దగ్గు. ఆ పెద్దాయన ఊదడం ఆపాక, డప్పు మొదలెట్టే ముందు ఒక దగ్గు దగ్గి గొంతు సవరించాడు చూడు, అది వీడే. పుట్టిన కాణ్ణుంచీ వింటున్నాను. ఐసు నీళ్ళు మానలేదన్నమాట” అంది.

సింగన్న టేపు వెనక్కి తిప్పి పెట్టాడు. నిజమే. సంగీతమంతా ఎక్కడో దూరాన ఉంది, ఆ దగ్గు మాత్రం చెవిలో దగ్గినట్టుంది. సింగన్న గొంతు తగ్గించి, “సినబాబు మైకు పక్కనే కూకున్నారమ్మా. స్టేజీ మీద నేరు” అన్నాడు. అమ్మకి ఆ తేడాలేవీ పట్టలేదు. తనకి కావలసింది విని లేచి, “బేగి పోదాం పద, పిల్లలొచ్చేస్తారు” అంది.

యాజులూ, అమ్మ ఒక్కనాడూ నిన్ను గిటారులో వెతకలేదురా. నువ్వు ఏం వాయించావో ఆవిడకి అక్కరలేదు. నాకు కావాలి. ఎందుకంటే నీ పక్షం మాట్లాడినదాన్ని నేను.

అక్క


బొంబాయి,
20 జూన్ 1982

అక్కకు,

నీ ఉత్తరం నెలన్నరగా జేబులోనే ఉంది. వానలో తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి కానీ నాకు కంఠతా వచ్చేసింది.

అది నేను కాదు. జనవరిలోనే మాస్టారు నన్ను తీసేశారు. “నువ్వు పరిగెడతావు. నీ వెనకాల మేం నలుగురం పరిగెత్తలేం” అన్నారు. నా చోట పరేల్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసే పార్సీ ఆయన్ని పెట్టారు. నన్ను వెళ్ళిపొమ్మనలేదు. అది ఇంకా నరకం. “కచేరీ నువ్వు రికార్డు చెయ్” అని అరువు తెచ్చిన స్పూల్ టేపు మిషను ముందు కూచోబెట్టారు. నేను ఊడ్చేవాణ్ణయిపోయాను అనుకున్నాను.

కచేరీ జరుగుతున్నంతసేపూ ఆ పార్సీ ఆయన వేళ్ళు నా చెవుల్లో నడిచాయి. నాకు లేనిదేమిటో ఒక్కొక్క దెబ్బకీ తెలుస్తూ వచ్చింది. మర్నాడు ఒక్క కాసెట్ కాపీ తీశాను, నీకు పంపింది అదే. అంతా వచ్చి టేపు ఎలా వచ్చిందని అడిగితే, మిషను సరిగ్గా తిరగలేదు, ఏమీ పడలేదు అన్నాను. ఏ క్షణాన ఆ మాట నోట్లోంచి వచ్చిందో! మాస్టారేమో, మళ్ళీ చేద్దాంలే అన్నారు.

ఆ తరవాత వారం ఒక మధ్యాహ్నం స్పూల్ ఎక్కించి మొత్తం చెరిపేశాను. టేపు ఈ చక్రం నుంచి ఆ చక్రానికి తిరుగుతూ ఉంటే చూస్తూ కూచున్నాను. ఆపడానికి ముప్పావుగంట టైముంది. ఆపలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మే నెలలో మాస్టారికి ముఖానికి పక్షవాతం వచ్చింది. ఎడమవైపు పెదవి జారిపోయింది. శాక్సఫోను నోట్లో నిలవదు. ఇంక వాయించలేరని డాక్టరు చెప్పాడు. చూడ్డానికి వెళ్తే నా చెయ్యి పట్టుకుని, “ఆ రోజుది కొంచెం కూడా మిగల్లేదా? ఒక్క ముక్కైనా?” అని అడిగారు. లేదన్నాను. మళ్ళీ లేదన్నాను. రెండుసార్లు.

నీ దగ్గరున్నది ఒక్కటే కాపీ. దాన్ని పారెయ్యక్కా. అది బయటపడితే ఈ ఊళ్ళో నా మొహం ఎవరూ చూడరు. పారెయ్యలేకపోతే దాచెయ్. ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు. పొద్దున్న ఎక్కిన రైలు ఆఖరి స్టేషను దాకా వెళ్ళి అదే రైల్లో తిరిగొస్తున్నాను.

యాజులు


నర్సీపట్నం,
1 జూలై 1982

యాజులూ,

నీ ఉత్తరం వీధి అరుగు మీదే రెండుసార్లు చదివాను. నువ్వు అబద్ధం ఆడావని నాకు ముందే తెలుసు. చెరిపావని తెలియదు. ముప్పావుగంట చూస్తూ కూచున్నావా? అంతసేపట్లో ఒక్కసారైనా ఆ పెద్దాయన మొహం గుర్తుకు రాలేదా? మనింట్లో పుట్టినవాడు ఇలాంటి పని చేస్తాడని ఎవరైనా చెబితే తిట్టి పంపేదాన్ని.

నిన్ను తిట్టే హక్కు నాకు పూర్తిగా లేదు. అదీ రాయాలి. నేనూ ఒకటి దాచాను.

తీగలు వేసినప్పటి నుంచీ వయొలిన్ పట్టుకుని సింగన్న కొట్టుకి వెళ్తున్నాను. టేపు కొంచెం వినడం, ఆపడం, ఆ ముక్క వాయించి చూడడం. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు గారి భార్య మైక్ సెట్ కొట్లో ఫిడేలు వాయిస్తోందని వీధంతా చెప్పుకుంటున్నారు, చెప్పుకోనీ. చివరి పాటలో మాస్టారి ఒంటరి వాయింపు నాకు పూర్తిగా పట్టుబడిన రోజున, ఎత్తుగడ వినగానే టేపు ఆపి, కళ్ళు మూసుకుని మొత్తం వాయించాను. కళ్ళు తెరిచేసరికి సింగన్న మిషను దగ్గర నవ్వుతూ నిలబడి ఉన్నాడు. “బాగుందని మీది టేపులోకి పట్టేశానమ్మా” అన్నాడు. అందులోనే! దాని మీదే! పాట అయిపోయిందనీ మిగతాది ఖాళీ అనీ అనుకున్నాడు. నాలుగు నిమిషాలు. మాస్టారి నాలుగు నిమిషాలు పోయి, ఆ చోట నేనున్నాను. సింగన్న రెండు రోజులు అన్నం తినలేదు. నీకు రాయడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆ కాసెట్ ఈ రోజే రిజిస్టరు పార్సెల్ చేశాను. నా మాటగా చెబుతున్నాను, నువ్వే పట్టుకెళ్ళి ఆయన చేతికి ఇవ్వాలి. ముందు నిజం చెప్పు, తరవాత ఇవ్వు. చివరి నాలుగు నిమిషాల తప్పు నాదని కూడా చెప్పు. నెలలోగా నీ జవాబు రాకపోతే యలమంచిలిలో రైలెక్కి నేనే వస్తాను. వాల్తేరు దాటి ఎరగను కానీ వస్తాను.

అలివేలుమంగ


బొంబాయి,
29 జూలై 1982

అక్కకు,

వెళ్ళాను. పార్సెల్ వచ్చాక తొమ్మిది రోజులు పట్టింది. రెండుసార్లు ఆయన వీధి మొదట్లోంచే వెనక్కి వచ్చేశాను. మొన్న ఆదివారం మెట్లెక్కాను.

గుమ్మంలో నిలబడే చెప్పేశాను. లోపలికి వెళ్ళి కూచుంటే చెప్పలేననిపించింది. ఆయన కిటికీ దగ్గర పడక్కుర్చీలో ఉన్నారు. మొదట నావైపు చూశారు, తరవాత చూడ్డం మానేశారు. కిటికీలోంచి బయటికి చూస్తూనే, “మిషనులో పెట్టు” అన్నారు. అంతే. ఇప్పుడు మాట ముద్దగా వస్తుంది.

మొదటి వైపంతా కదలకుండా విన్నారు. రెండో వైపు నా దగ్గు దగ్గర ఒకసారి తల తిప్పారు. చివరి పాట వచ్చింది. శాక్సఫోను ఎత్తుకుంది, టప్పున తెగింది, నీ వయొలిన్ మొదలైంది. ఆయన కుర్చీలో ముందుకి వంగారు. నేను నీ సంగతి చెప్పాను. సగం విని, వెనక్కి తిప్పమన్నారు. మూడుసార్లు తిప్పించారు.

“ఇది నేను వాయించిందే” అన్నారు. “నేనే మరిచిపోయాను. మీ అక్క ఎన్నిసార్లు వింది?”

“లెక్కలేదండీ. మధ్యాహ్నాలంతా వింది.”

“అంతా పట్టింది. కానీ రెండో వరుస చివర నేను ఆగాను. ఆమె ఆగలేదు, పరిగెత్తింది. మీ ఇంట్లో అందరికీ ఇదే జబ్బా?”

అక్కా, ఆయన నవ్వారో, మూతే అలా వంకరపోయిందో నాకు తెలియలేదు. నేను ఏడ్చేశాను. ఏడుస్తూనే, నన్ను పనికిరానివాణ్ణని పక్కన కూచోబెట్టారుగా అన్నాను, ఆ మాట అనే మొహం నాకు లేకపోయినా. ఆయనకి కోపం వచ్చింది. “వాయించడానికి పనికిరావు, వినడానికి పనికొస్తావు. అందుకే ఆ మిషను దగ్గర నిన్ను పెట్టాను. ఇంకెవర్నైనా పెట్టేవాణ్ణా?” అన్నారు. టేపులో డ్రమ్సూ బేసూ ఒకదాన్ని ఒకటి మింగకుండా ఎలా నిలిచాయో చూపించారు. నేను పెట్టిన మైకులే. నేనే ఎప్పుడూ వినలేదు.

ఆ తరవాత కొత్త కాసెట్ వేసి రికార్డు మీట నొక్కమన్నారు. కుడివైపు పెదవులతో కూనిరాగం తీశారు, ఆ నాలుగు నిమిషాలు. ఆగాల్సిన చోట ఆగి, చెయ్యి గాల్లో నిలిపారు. అది విని నిన్ను మళ్ళీ వాయించమన్నారు. “నేను ఊదలేను. నా వాళ్ళు వాయిస్తే వాళ్ళ కల్పన చేస్తారు. ఆమె నాది నాలాగే వింది. ఆ ఖాళీలో ఆమెనే ఉంచుతాం” అన్నారు.

నేను థాంక్స్ చెప్పబోయాను. “క్షమించాననుకోకు. మైకు ఇంకొంచెం దగ్గరగా పెట్టు” అన్నారు.

బ్యాండు వాళ్ళకి నేనే చెప్పాను. పార్సీ ఆయన లేచి వెళ్ళిపోయాడు. డ్రమ్స్ ఆయన మాట్లాడడం లేదు. ఆదివారాలు మాత్రం మాస్టారు రమ్మన్నారు, మిషనుతో.

కూనిరాగం కాసెట్ పంపుతున్నాను. ఈసారి రెండు కాపీలు తీశాను. ఒకటి మాస్టారి దగ్గరే ఉంచాను.

యాజులు


నర్సీపట్నం,
2 సెప్టెంబరు 1982

చి. యాజులుకి,

ఆశీస్సులు. ఇందులో కాసెట్ ఉంది, జాగ్రత్తగా విప్పు.

నెల పట్టింది. స్వరాలకి కాదు, ఆ ఆగడానికి. కూనిరాగం విన్నప్పుడల్లా ఇక్కడ ఆగాలని తెలుస్తుంది. కమాను చేతిలో ఉంటే మాత్రం చెయ్యి దానంతటదే పోతుంది. మొన్న ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు వంటింట్లో పీట మీద కూచుని, ఆ చోటు దాకా వాయించడం, కమాను తీగ మీదే ఉంచి ఊపిరి బిగబట్టడం, ఇదే పనిగా పెట్టుకున్నాను. పొయ్యి మీద పప్పు మాడింది. కానీ ఒకసారి చెయ్యి ఆగింది. తొందర లేదు అనిపించింది. ఆ తరవాత వచ్చిన స్వరం, చెప్పానే, రెండు గాంధారాల మధ్యది, దానంతట అదే వచ్చి కూచుంది.

రికార్డింగు మనింట్లోనే చేశాం. “కొట్లో లారీల మోత, ఇంట్లోనే రికార్డు చెయ్యండి” అని మీ బావగారే అన్నారు. సింగన్న మిషనూ మైకూ మోసుకొచ్చాడు. మీట నొక్కే ముందు ఆ టేపు ఖాళీదేనా అని నాచేత నాలుగుసార్లు చెప్పించుకున్నాడు. “ఒట్టెయ్యండమ్మా” అన్నాడు. వేశాను. మీ బావగారు ఆఫీసుకి సెలవు పెట్టి వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూచున్నారు, ఎవరినీ లోపలికి రానివ్వకుండా. రామాయమ్మగారు పెరుగు తోడుకని వస్తే చేత్తో సైగ చేసి ఆపేశారట. ఆవిడా అక్కడే నిలబడి విన్నారు. పది సార్లు వాయించాను. పదకొండోది కుదిరింది.

అమ్మని గదిలో మూల కూచోబెట్టి మాట్లాడద్దని చెప్పాను. పది సార్లూ నోరు మూసుకునే కూచుంది. పదకొండోసారి నేను కమాను దించిన తరవాత, సింగన్న ఇంకా మీట ఆపకముందే, “అయిపోయిందా? ఇంక మాట్లాడొచ్చా? వాడు వేళకి తింటున్నాడా లేదా అని ఇందులో ఎవరైనా అడుగుతారా?” అంది.

అది కూడా టేపులో పడింది. ఉంచాలో తియ్యాలో మాస్టారే చెప్పాలి. నేను మాత్రం చెరపలేదు.

అక్క,
అలివేలుమంగ